ఆవిరి గీతల మధ్య

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది ఎండాకాలంలో, నన్ను వెంటనే జనగామకు వెళ్ళమని ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను ఒక చాయ్ పొడి కంపెనీ సికింద్రాబాదు డిపోలో పబ్లిసిటీ ఇన్‌స్పెక్టరును. ఉత్తర్వులో కారణం రాయలేదు. జనగామ పోలీసు క్యాంపు అధికారి ముందు హాజరై, స్టేషను బజారులోని మా గోడ ప్రకటన గురించి ఆయన అడిగినవాటికి జవాబు చెప్పాలని మాత్రం ఉంది. ఖాకా వెంట తీసుకుపొమ్మని డిపో మేనేజరు నోటిమాటగా చెప్పాడు.

ప్రకటనల్లో బొమ్మలు దాచి, చూసేవాడికి తెలియకుండానే సరుకు కొనిపిస్తారని ఈమధ్య పత్రికల్లో చదువుతున్నాను. తినే వస్తువుల ప్రకటనల్లో ఇది ఎక్కువని రాస్తున్నారు. నిజమేనా అని తెలిసినవాళ్ళు నన్ను అడుగుతుంటారు. నా మొత్తం సర్వీసులో నేను చూసిన దాచిన బొమ్మ ఒక్కటే. దాన్ని గీసింది ఎవరిచేతా ఏదీ కొనిపించడానికి కాదు. దాని గురించే రాస్తున్నాను.

ముందు మా పని పద్ధతి చెప్పాలి. కంపెనీ ఆమోదించిన బొమ్మను అసలు సైజులో మందపాటి కాగితం మీద గీసి, గీతల వెంట సూదితో దగ్గరదగ్గరగా చిల్లులు పొడుస్తారు. దాన్నే ఖాకా అంటారు. పెయింటరు దాన్ని గోడకు ఆనించి, బొగ్గుపొడి నింపిన గుడ్డమూటతో అద్దుతాడు. చిల్లుల్లోంచి పొడి దిగి గోడ మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల వెంట రంగు వేస్తే ఏ ఊళ్ళోనైనా ఒకే బొమ్మ వస్తుంది. గోడ పూర్తయ్యాక ఇన్‌స్పెక్టరు వెళ్ళి కొలతలు చూసి, 'నమూనా ప్రకారం ఉంది' అని తనిఖీ పత్రం మీద సంతకం చేయాలి. మళ్ళీ ఖాకా ఆనించి చూడాలన్నది నియమం. ఎండలో అంత ఓపిక ఎవరికీ ఉండేది కాదు. టేపుతో నిడివి, వెడల్పు కొలిచి సంతకం చేసేవాళ్ళం.

ఆ ఏటి బొమ్మ చాలా మామూలుది. ఎర్రటి గోడ మీద తెల్లని కప్పూ సాసరూ, పైన మూడు ఆవిరి పాయలు, కింద తెలుగులోనూ ఉర్దూలోనూ కంపెనీ పేరు. రైలుదారి వెంట జనగామ, మానుకోట, డోర్నకల్‌లలోనూ, కొత్తగూడ దారిలో ఒక ఊళ్ళోనూ ఈ బొమ్మ వేయించాం. నాలుగూ వేసింది సాయిలు అనే నకాషీ పెయింటరు. కథలు చెప్పేవాళ్ళకు పటాలు రాసిచ్చే కులం వాళ్ళది. పోరాటం మొదలైనప్పటి నుంచి ఊళ్ళలో కథలు చెప్పించేవాళ్ళు లేక, తల్లితో జనగామ వచ్చి గోడల పనికి దిగాడు. ముప్పై దాటని మనిషి, మాట తక్కువ. మా దగ్గర పనిచేసిన వాళ్ళలో అంత నిలకడైన చెయ్యి ఇంకొకటి లేదు.

క్యాంపును ఒక ధాన్యం గోదాములో పెట్టారు. అధికారి బెజవాడ వైపు నుంచి వచ్చినవాడు. నన్ను కుర్చీలో కూర్చోమని, మంచినీళ్ళు ఇప్పించి, 'ప్రభుదాసుగారూ' అని మర్యాదగా పిలిచి మాట్లాడాడు. సాయిలును రెండు రోజుల కిందట పట్టుకొచ్చామని చెప్పాడు. మా ఆవిరి బొమ్మలో కొడవలి దాచి ఉందని వాళ్ళకు సమాచారం అందింది. నాలుగు గోడలూ అడవిదారిలో తిరిగే దళాలకు గుర్తులని ఆయన అనుమానం.

అలాంటిదేమీ ఉండదని నేను అన్నాను. ఆయన వాదించలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఈ ఊళ్ళో చాయ్ రుచి ఎరగని ముసలమ్మలు వచ్చి చాయ్ బొమ్మ ముందు నిలబడి పోతున్నారండీ. ఎందుకో మీరు చెప్పగలరా?"

 ఆయన బల్ల మీది కట్టలోంచి ఒక కాగితం తీసి నా ముందుకు జరిపాడు. రెండు నెలల కిందట డోర్నకల్ గోడకు నేను ఇచ్చిన తనిఖీ పత్రం అది. 'నమూనా ప్రకారం ఉంది' అన్న మాట కింద నా సంతకం ఉంది. డోర్నకల్ మా సొంత ఊరు. నాన్న అక్కడ రైల్వేలో పనిచేసేవాడు. ఆ రోజు కొలత చూసి, ఇంట్లో భోజనం చేసి, సాయంత్రం బండికి వెళ్ళిపోయాను. ఖాకా సంచిలోంచి బయటికి తీయనే లేదు.

మర్నాడు పొద్దున్నే జనగామ గోడ దగ్గరికి వెళ్ళాం. ఇద్దరు కానిస్టేబుళ్ళు బజారులో జనాన్ని ఆపారు. దుకాణాలవాళ్ళు సగం తలుపులు వేసి లోపలి నుంచి చూస్తున్నారు. అధికారి నా వెనకే నిలబడ్డాడు. నేను నిచ్చెన ఎక్కి, కంపెనీ ఖాకాను గోడకు ఆనించి మూటతో అద్దాను. ఎర్ర రంగు మీద బొగ్గు, తెల్ల రంగు మీద సుద్ద కనబడవని ఆ రోజు రెండు పొడులూ వాడాను. కాగితం తీసి చూస్తే కప్పు, సాసరు, అక్షరాలు చుక్క తప్పకుండా కలిశాయి. మొదటి ఆవిరి పాయ కూడా కలిసింది. రెండోదీ మూడోదీ కలవలేదు. రెండో పాయ కుడి అంచు ఒకచోట రెండు వేళ్ళు బయటికీ, ఒకచోట వేలెడు లోపలికీ పోయింది. మూడో పాయ వెనక్కి వంగి కిందికి దిగింది.

అధికారి చేతికర్రతో మూడో పాయ వంపునూ, దాని కింద కప్పు పిడినీ చూపించాడు. ఆయన చెప్పాక చూస్తే వంకీ, పిడీ కలిసి కొడవలిలాగే ఉన్నాయి.  కొలతలు తీసుకుంటేగాని ఏమీ చెప్పలేనని చెప్పి, కింది గీతలు కనబడే పలచని ట్రేసింగు గుడ్డ పరిచి తేడా ఉన్న గీతలను పెన్సిలుతో ఎత్తాను. అదికూడా నియమంలో ఉన్నదే.

నిచ్చెన దిగి, గుడ్డను పక్క దుకాణం బల్ల మీద పరిచి గీతలను సిరాతో దిద్దుతుంటే విషయం అర్థమైంది. గోడ మీద మన కన్ను తెల్లని ఆవిరిని చూస్తుంది. గుడ్డ మీద రంగు లేదు, అంచులే ఉన్నాయి. చూడవలసింది ఆవిరి పాయలను కాదు, వాటి మధ్య మిగిలిన ఎర్రటి ఖాళీని. రెండో పాయ అంచు ఒక మగవాడి నుదురు, కొంచెం చితికినట్టున్న ముక్కు, పెదవులు, గడ్డం. మూడో పాయ వంపు అతని తల వెనక భాగం, మెడ. పక్కకు తిరిగిన మనిషి ముఖం. ఒకసారి కనబడిన తర్వాత ఇక కొడవలి కనబడలేదు. అధికారికి మాత్రం కొడవలే కనబడుతోంది. నేను ఆ గుడ్డను చుట్టేసి, పెయింటరును వృత్తిపరంగా కొన్ని సంగతులు అడగాలని అనుమతి కోరాను. ఆయన సరే అన్నాడు.

గోదాము వెనక గదిలో సాయిలు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాపలా జవాను వేరే రాష్ట్రం మనిషి, తెలుగు రాదు. అయినా చదివేవాడిలా నోట్‌బుక్కు తెరిచి పట్టుకుని, రంగుల గురించి అడుగుతున్న గొంతుతోనే, ఆ ముఖం ఎవరిదని అడిగాను. సాయిలు జవాను వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. నేల మీద వేలితో గీత గీస్తూ చెప్పాడు.

"మా అన్న, సారు. రాజయ్య. దళంల ఉండె. మొన్న సలికాలం కొత్తగూడ కాడ దొర్కిండని చెప్పిన్రు. గాయెన్క ఏమైండో ఎవ్వలు చెప్పలే. శవం గూడ ఇయ్యలే."

రికార్డులో రాజయ్య భూపాలపల్లి వైపు అడవుల్లోకి పారిపోయినట్టు ఉంది. సాయిలు అన్న ఒకడు దళంలో ఉండి అడవుల్లోకి పారిపోయాడని అధికారే నాకు ముందురోజు చెప్పాడు. పారిపోయాడని రాసిన మనిషి ముఖం నాలుగు గోడల మీద ఉందని తెలిస్తే ఆ ఇంటికి ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

ఎందుకు గీశావని అడిగాను. ఇంట్లో ఫోటో లేదట. తల్లి లచ్చవ్వ ఒకరోజు కూర్చుని, కొడుకు మొహం యాదికి వస్తలేదని ఏడ్చిందట.

"బొమ్మలు రాసేటోన్ని, గదన్న చెయ్యకపోతే ఎట్ల? ఇంట్ల రాసి పెడితే సోదాల దొరుకుతది. గోడ మీద రాస్తె ఎవ్వలకు తెల్వదనుకున్న. అవ్వకొక్కదానికే చెప్పిన. ఆమె ఇంకెవ్వలకు చెప్పిందో."

లచ్చవ్వ తనలాంటి తల్లులకు చెప్పింది. కొడుకు ఏమయ్యాడో తెలియనివాళ్ళు ఆ బజారులో ఆమె ఒక్కతే కాదు. వాళ్ళంతా వచ్చి నిలబడి పోతున్నది అందుకే.

నాలుగు గోడల మీద చేత్తోనే మార్చావా అని అడిగాను. ఇక్కడ నా వృత్తి పనికొచ్చింది. లేదన్నాడు. తను వాడుకోవడానికి కంపెనీ ఖాకాకు ఒక నకలు పొడుచుకున్నాడు. మార్పు ఆ నకలులోనే ఉంది. అది ఇంట్లో పటాల గొట్టంలో ఉంది. చివర్లో ఇంకో మాట అన్నాడు.

"కాయిదం ఎండకు పట్టి చూస్తె మొఖమంత కనవడ్తది సారు. అండ్ల కన్ను గూడ పొడిచిన. గోడ మీద మాత్రం కన్ను రాయలే."

ఆ రోజు మిగతా మూడు గోడలూ చూసి రావాలని అధికారి జీపు ఎక్కించాడు. మానుకోటలో దిగి ఖాకా ఆనించాను. అదే తేడా. కొత్తగూడ దారిలోని ఊళ్ళో జనం ఇళ్ళలోంచి బయటికి రాలేదు. అక్కడా అదే తేడా, అంతే వేళ్ళు. డోర్నకల్‌లో గోడ ఎదురుగా నిలబడినప్పుడు, స్టేషను నుంచి ఇంటికి వెళ్తూ నాన్న అటుగా వచ్చాడు. జీపునూ, నా పక్కన తుపాకులనూ చూసి ఆగిపోయాడు. నేను తల ఊపాను. ఆయన రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పుడూ ఆ సంగతి మా మధ్య రాలేదు.

తిరిగి వచ్చే దారిలో నా జవాబు కూర్చుకున్నాను. పెయింటరు కావాలని చేతితో మారిస్తే నాలుగు గోడల మీద నాలుగు రకాలుగా వస్తుంది. అంగుళం తేడా లేకుండా ఒకేలా వచ్చిందంటే తప్పు కాగితంలో ఉంది. పెయింటరు చుక్కల వెంట వెళ్ళాడు, అంతే. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఆ కాగితం ఎవరు పొడిచారు, ఎందుకు పొడిచారు అన్నది మాత్రం ఇందులో లేదు. ఖాకా ఆనించకుండా సంతకం చేసిన నన్ను కూడా ఈ వాదనే కాపాడుతుంది. అది నాకు అప్పుడే తెలుసు.

అధికారి అంతా విన్నాడు. అయితే పెయింటరు వాడిన ఆ కాగితం చూడాలన్నాడు.

మూడో రోజు పొద్దున సాయిలు ఇంటికి వెళ్ళాం. ఒకటే గది, ముందు చిన్న వసారా. లచ్చవ్వ పొయ్యి దగ్గర ఉంది. కంపెనీ కాగితం కావాలని నేనే అడిగాను. ఆమె నన్నూ, పోలీసులనూ చూసి, మూలనున్న వెదురు గొట్టం తెచ్చి ఇచ్చింది. అధికారి చెయ్యి చాచేలోపు నేను అందుకున్నాను. కంపెనీ సొత్తు ముందు నా చేతికి రావాలని ఏదో అన్నాను. 

గదిలో వెలుతురు తక్కువ. తలుపు దగ్గర మాత్రం ఎండ పడుతోంది. నేను కాగితాన్ని ఎండకు దూరంగా, నేల మీద, ముఖం పోల్చుకోవడానికి వీల్లేకుండా తలకిందులుగా పరిచాను. కింద తెల్ల కాగితం వేశాను. మూటతో అద్దాను. కన్ను ఎక్కడుందో వేళ్ళతో తడిమి తెలుసుకుని, ఆ నాలుగు అంగుళాల మేర మూట ఆనించలేదు. నా చెయ్యి అక్కడ ఆగి దాటడం ఆయన గమనిస్తాడేమోనన్న భయంతో నడుము వంచి అడ్డంగా కూర్చున్నాను. కాగితం ఎత్తాక చుక్కలు వచ్చాయి. కంపెనీ ఖాకాను కూడా అలాగే తలకిందులుగా పక్కన అద్ది, తేడా ఎక్కడ మొదలైందో స్కేలుతో చూపించాను. నకలు తీసేటప్పుడు కాగితం చెమ్మకు సాగి జరిగితే ఇలా అవుతుందని చెప్పాను. అలా జరగడం నేను నిజంగానే చూశాను. ఇక్కడ జరిగింది మాత్రం అది కాదు. ఆ మూడు రోజుల్లో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

అధికారి వంగి చాలాసేపు చూశాడు. తర్వాత నకలును చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని తలుపు వైపు, ఎండ వైపు ఒక అడుగు వేశాడు.

మాకు ఒక నియమం ఉంది. చెడిపోయిన ఖాకాను వేరేవాళ్ళు వాడకుండా, ఇద్దరు సాక్షుల ముందు వెంటనే కాల్చి, వాళ్ళ సంతకాలతో నమోదు చేయాలి. నేను సర్వీసులో చేరాక ఎవరూ పాటించగా చూడలేదు. ఆ నియమాన్ని అప్పుడు బయటికి తీశాను. తప్పు రుజువైంది కాబట్టి కాగితాన్ని ఇప్పుడే నాశనం చేయాలని, సాక్షిగా మీ సంతకం కావాలని అడిగాను. ఆయన ఆగాడు. కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

ఆ మాటకు మొదట కదిలింది లచ్చవ్వ. పొయ్యి మీది కుండ దించి పక్కన పెట్టింది.

"కాలవెట్టు సారు," అంది. "నా కొడుకును తోలియ్యి."

అధికారి ఆమె వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, కాగితాన్ని నాకు అందించాడు. నాలుగు మడతలు వేసి పొయ్యిలో పెట్టాను. మందపాటి కాగితం కాబట్టి ఒక్కసారిగా అంటుకోలేదు. చిల్లుల్లోంచి ముందు వెలుగు వచ్చింది, తర్వాత మంట వచ్చింది. పూర్తిగా కాలేదాకా లచ్చవ్వ అక్కడి నుంచి కదలలేదు. నేను మాత్రం చూపు తిప్పుకుని నమోదు పత్రం రాయడం మొదలుపెట్టాను.

క్యాంపులో నా నివేదిక మీద సంతకం తీసుకుంటున్నప్పుడు అధికారి కలం మూసి, మామూలు మాటలాగా ఒక మాట అన్నాడు.

"మీ కంపెనీ బొమ్మ బాగుంది ప్రభుదాసుగారూ. తలకిందులుగా చూసినా బాగుంది."

నేను నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. ఆయనకు తెలిసిందా, తెలిసీ వదిలేశాడా, లేక నేను తలకిందులుగా పెట్టడాన్ని మాత్రమే గమనించాడా అన్నది ఈనాటికీ చెప్పలేను. ఆ తర్వాత కొద్ది కాలానికి ఆయన బదిలీ అయ్యాడని విన్నాను.

నాలుగు గోడలనూ చెరిపి కొత్తగా వేయాలన్నది విడుదలకు షరతు. సాయిలును ఎనిమిదో రోజు వదిలారు. కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు. తలుపు సందులో పడ్డాయని చెప్పాడు. నేను మళ్ళీ అడగలేదు. ఆ చేతితోనే జనగామ గోడకు సున్నం కొట్టి, ఎర్రరంగు పూసి, కంపెనీ ఖాకా ఆనించి బొమ్మ వేశాడు. నేను రెండు రోజులు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. పని అయ్యాక నిచ్చెన దిగి, "సుక్క తప్పలే, సూసుకోండ్రి" అన్నాడు. ఖాకా ఆనించి చూశాను. తప్పలేదు. ఆ సాయంత్రం లచ్చవ్వ వచ్చి రోడ్డుకు అవతల నిలబడింది. ఎప్పటిలాగే కాసేపు చూసి వెళ్ళిపోయింది. సాయిలు మిగతా మూడు గోడలూ పూర్తిచేసి మా పని మానేశాడు. తల్లిని తీసుకుని చేర్యాల వైపు వెళ్ళాడని తెలిసింది.

ఒక సంగతి రాయకపోతే ఈ వృత్తాంతం సరిగా ఉండదు. జనగామ గోడ నుంచి ఎత్తిన ట్రేసింగు గుడ్డను నివేదికకు జతచేసి పోలీసులకు ఇచ్చాను. అది నియమం. ఇచ్చే ముందు ఒక రాత్రంతా అది నా దగ్గరే, నా సంచిలోనే ఉంది. దాని మీద ఇంకో గుడ్డ పరిచి నకలు తీసుకోవడం పావుగంట పని. ఆ పని చేసి ఉంటే ఎప్పుడైనా, ఎవరి చేతనైనా ఆ తల్లికి పంపగలిగేవాణ్ణి. చేయలేదు. నియమం ఒప్పుకోదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నన్ను ఆపింది నియమం కాదు, భయం. నియమం వెనక్కి వెళ్ళి నిలబడే అలవాటును ఆ తర్వాత కొంత తగ్గించుకున్నాను, పూర్తిగా మానుకున్నానని చెప్పను.

ఉద్యోగానికి సంబంధించి నేర్చుకున్నది ఇంతే. రిటైరయ్యేదాకా ప్రతి గోడకూ ఖాకా ఆనించే సంతకం చేశాను. తేడా కనబడితే ట్రేసింగు తీసేముందు పెయింటరును పక్కకు పిలిచి ఎందుకు వచ్చిందని అడిగాను. ఎక్కువమంది చెయ్యి జారిందన్నారు. అదే రాసుకున్నాను.